చిట్టి పేరున ఉన్న లైను

మైనస్ గుర్తు ఒక్కటే ఎక్కడికి పోతుంది, అంకె పోతే అర్థముంది, చుక్క పోయినా ఏదో అనుకోవచ్చు, అంకె ముందుండే ఆ చిన్న అడ్డగీత మాత్రం ఎగిరిపోయి మిగిలినదంతా బుద్ధిగా కూర్చుంటే దాన్ని ఏమనాలి, అనుకుంటూ ఆమె ఆ చీటీని మళ్ళీ కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది, కళ్ళద్దాల దుకాణాల వాళ్ళు పొద్దున్నే పంపిన చీటీ, తమ ఆఫీసు రాసిచ్చిన ప్రోగ్రామే అచ్చువేసిన చీటీ, కుడి కన్ను రెండున్నర, ఎడమ కన్ను రెండుంబావు, రెండింటి ముందూ మైనస్ ఉండాలి, లేదు, దాంతో దూరం ఆననివాళ్ళకు దగ్గర ఆననివాళ్ళ అద్దాలు బిగించి చేతిలో పెట్టారు, ఒకరికీ ఇద్దరికీ కాదు, నలభై ఒక్క మందికి, వాళ్ళలో ఒక పెద్దాయన కొత్త అద్దాలు పెట్టుకుని దుకాణం మెట్లు దిగబోయి లేని మెట్టు మీద కాలు వేశాడట, తుంటి ఎముక విరిగిందట, ఆ మాట చెబుతూ కూడా మేనేజరు చేతి గడియారమే చూసుకున్నాడు, అందుకే ఆఫీసులో అందరూ ఆయన వెనక ఆయన్ని గడియారం అంటారు, పన్నెండింటికి దుకాణాల యజమానితో ఫోనుంది, కారణం చెప్పాలి, పేరు చెప్పాలి, ప్రోగ్రాంలో ఎవరు రాసిన లైనుతో ఇది జరిగిందో ఆ మనిషి ఇవాళే ఇంటికి, ఇందులో మొహమాటాల్లేవు, అన్నాడు తొమ్మిదింటికి, హాల్లో కీబోర్డుల చప్పుడు ఒక్క క్షణం ఆగి తర్వాత రెట్టింపుగా మొదలైంది, పనిచేస్తున్నట్టు కనపడటమూ ఒక పనే, లైను ఎవరి పేరున ఉంటే పాపం వాళ్ళది, ఈ ఆఫీసు పెట్టిన రోజునుంచీ ఉన్న పద్ధతి ఇది, వాదనలుండవు, అంతా బాగానే ఉంది గాని తన కంప్యూటర్లో మాత్రం అదే ప్రోగ్రాం అదే చీటీని మైనస్‌తో సహా ముత్యాల్లా అచ్చువేస్తోంది, మిగతా పదిహేను కంప్యూటర్లలోనూ పోతోంది, తన దగ్గర పోవడం లేదు, పరీక్షలు చేసే అబ్బాయి, సూర్యుడు పొడిచాడన్నా నిజమేనా అని అడుగుతాడని అతనికి సందేహం అని పేరు, వెనకనుంచి వంగి చూసి, వదినా, నీ కంప్యూటర్ మహా పతివ్రతలా ఉందే, ఊరంతా చెడిపోయినా అది చెడదు, అన్నాడు, అని నాలుక్కరుచుకున్నాడు, విడాకులు తీసుకున్న మనిషి దగ్గర ఆ మాట అన్నానే అని, ఆమె నవ్వేసింది, నవ్వేస్తే ఎదుటివాడు ఇంకాస్త కుంచించుకుపోతాడని ఆమెకు తెలుసు.

తన దగ్గర ఎందుకు వస్తోంది అని అడగాలి, వాళ్ళ దగ్గర ఎందుకు రావడం లేదని కాదు, ప్రశ్న తిరగేసి అడగడం తనకు నేర్పింది చిట్టి, పక్క బల్ల దగ్గర కూర్చుని కళ్ళద్దాలు ముక్కు చివరకు జార్చుకుని ఏదో కూనిరాగం తీస్తున్న ఈ చిట్టే, తన ఆడపడుచు, పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఒక చిన్న దుకాణంలో బిల్లులు కొట్టుకునే తనను, రా వదినా, ఇదేం బ్రహ్మవిద్య కాదు, వంటకంటే సులువు, మాడితే మళ్ళీ చెయ్యొచ్చు, అని చెయ్యి పట్టుకుని ఈ పనిలోకి లాక్కొచ్చిన చిట్టి, దాని పిలుపు విని ఆఫీసంతా తనను వదినే అంటుంది, సరే, తన దగ్గర ఎందుకు వస్తోంది, తన కంప్యూటర్లో ఏదో పాతది మిగిలి ఉండాలి, వెతికింది, ఉంది, అంకెల లైబ్రరీ ఐదో వెర్షన్, లైబ్రరీ అంటే పుస్తకాల బీరువా కాదు, ఎవరో ఎక్కడో రాసి లోకానికి వదిలిన కోడ్ మూట, ప్రతి ప్రోగ్రామూ అలాంటి మూటలు ఓ వంద నెత్తిన పెట్టుకుని నడుస్తుంది, వాటిని తెచ్చి అమర్చడానికి ఒక టూల్ ఉంటుంది, ఇప్పుడు అచ్చువేసే మూట నాకు అంకెల లైబ్రరీ ఐదో వెర్షనే కావాలంటుంది, తెర మీద బొమ్మలు గీసే మూట ఆరో వెర్షన్ లేనిదే గడప దాటనంటుంది, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, ఇద్దరికీ కలిపి ఒకటే సీటు, ఆరో వెర్షన్‌లో ఎవరో మహానుభావుడు మైనస్‌కి మామూలు అడ్డగీత బదులు కొంచెం పొడుగాటి వేరే గుర్తు పెట్టాడు, దుకాణాల ప్రింటర్లకు ఆ గుర్తు తెలియదు, తెలియనిదాన్ని ప్రింటర్ మర్యాదగా వదిలేసింది, అంతే, ఇంతకీ ఇలాంటి తగాదా వస్తే టూల్ ఆగిపోయి ఎర్రక్షరాలతో గగ్గోలు పెట్టాలి కదా, ఐదు కావాలంటున్నాడొకడు, ఆరు కావాలంటున్నాడొకడు, నా వల్ల కాదు మీరే తేల్చుకోండి అని అరవాలి కదా, పోయిన నెల చిట్టి మూటలన్నీ కొత్తవి తెప్పించినప్పుడు అది ఎందుకు కిక్కురుమనలేదు, ఐదును తీసి ఆరును కూర్చోబెట్టి ఏమీ ఎరగనట్టు ఎందుకు ఊరుకుంది, దాని సెట్టింగుల ఫైలు తెరిచింది, ముప్పై ఎనిమిదో లైను, మూటల మధ్య తగాదాలుంటే పట్టించుకోకు, నాకు చెప్పకు, నీ పని నువ్వు చేసుకుపో, అని దాని అర్థం, ఎవడు రాశాడు ఇంత పాపిష్టి లైను, ఏ లైను ఎవరిదో చూపించే కమాండ్ ఒకటుంది, దాన్ని బ్లేమ్ అంటారు, ఆ పేరు పెట్టినవాడెవడో మనుషులను బాగా ఎరిగినవాడు, నొక్కింది, చిట్టి పేరు వచ్చింది, పేరు పక్కన తారీఖు వచ్చింది, తారీఖు చూడగానే ఆమె చెయ్యి మౌస్ మీదనుంచి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

ఆ తారీఖున కోర్టు వరండా, చెక్క బల్ల, ఒక కాలు పొట్టిదై ఎవరు లేచినా ఎవరు కూర్చున్నా ఊగే బల్ల, ఆ చివర ఆయన, ఈ చివర తను, ఇద్దరి మధ్యా ఎవరో ముసలమ్మ సంచీ, ఫోను మోగింది, వదినా, టూల్ అరుస్తోంది, రెండు లైబ్రరీలు కొట్టుకుంటున్నాయి, గడియారం నా నెత్తిన నించున్నాడు, ఏం చెయ్యమంటావ్, అంది చిట్టి, అరవొద్దని చెప్పు, ఒక్క లైను రాస్తే చాలు, చెబుతా రాసుకో, వద్దొదినా, నోరు మూయిస్తే తగాదా పోతుందా, నువ్వొచ్చాక ఇద్దరం కూర్చుని సరిగ్గా తేలుద్దాం, ఆగడానికి లేదు చిట్టీ, చెప్పింది రాయి, రేపొచ్చి నేను తీసేస్తాగా, అక్షరం అక్షరం చెప్పింది, అవతల చిట్టి టైపు చేస్తున్న చప్పుడు వినపడింది, తర్వాత చిట్టి గొంతు తగ్గించి, వదినా, అన్నయ్య వచ్చాడా, ఏమన్నా తిన్నాడా, అని అడిగింది, తను ఫోను పెట్టేసింది, మర్నాడు వెళ్ళింది, ఆ లైను తీయలేదు, నడుస్తున్నదాన్ని ఎవరు ముట్టుకుంటారు, నాలుగేళ్ళు నడిచింది, తిన్నాడా అట, వచ్చిన మనిషి తిన్నాడా అని అడిగింది గాని, వదినా నువ్వు తిన్నావా అనలేదు, ఆ ఒక్క పూటే అనలేదేమో, మిగతా అన్ని పూటలూ అంది, అయినా మనసు పట్టుకు కూర్చునేది అననిదాన్నే, ఆయన కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు, ఊరికే మాట్లాడటం మానేశాడు, ఎందుకో చెప్పలేదు, రెండేళ్ళు, ముగ్గురున్న ఇంట్లో మధ్యలో చిట్టి అటూ ఇటూ తిరిగేది, అన్నయ్యా, వదిన ఉప్పు అయిపోయిందంటోంది, వదినా, అన్నయ్య నీలం చొక్కా ఇస్త్రీ చేశావా అంటున్నాడు, ఆయన గదిలోనే ఉండేవాడు, నాలుగడుగుల దూరంలో, తన జ్వరం కూడా చిట్టి నోటితోనే ఆయనకు చేరేది, సరే అన్న ఆయన మాట చిట్టి నోటితోనే తిరిగొచ్చేది, లాయరు అన్నాడు, అమ్మా, దెబ్బలుంటే ఫొటోలుంటాయి, మౌనానికి సాక్ష్యం కావాలి, ఆ ఇంట్లో ఉన్న మూడో మనిషి వచ్చి చెప్పాలి, తను వెళ్ళి అడిగింది, ఆ వంటింటి గడప మీద కూర్చుని అడిగింది, చిట్టి ఏడ్చింది, నేను ఇద్దరికీ కావలసినదాన్ని వదినా, నన్ను ఒకవైపు నిలబెట్టకు, నిలబడితే రెండోవైపు నేనుండను, అంది, అదే మాట అన్నతోనూ అందట, ఎవరికోసమూ రాలేదు, చివరికి ఇద్దరూ ఇష్టపడి విడిపోతున్నట్టు కాగితం మీద రాసుకున్నారు, ఇష్టపడి, ఆ రెండేళ్ళూ ఎక్కడా ఏ కాగితం మీదా లేవు, అవి జరిగినట్టు ఎరిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది, ఆ ఒక్కతీ రోజూ పక్క బల్ల మీద టిఫిను డబ్బా విప్పి సగం ఇటు తోసి, వదినా, అన్నయ్య సన్నబడ్డాడే, అంటుంది.

పదకొండు కాకముందే చెప్పేయాలి, ఆ లైను నేను చెబితే రాసింది, పేరు దానిది, మాట నాది, రెండు ముక్కలు, ఎంతసేపు, చెబితే ఏమవుతుంది, పంపేస్తారు, నలభై నాలుగేళ్ళ మనిషిని ఈ పనిలో కొత్తగా ఎవరు పెట్టుకుంటారు, ఇరవై రెండేళ్ళవాళ్ళను చూసి ముచ్చటపడే లోకం, రెండు గదుల అద్దె ఇల్లు, తలుపు తీస్తే పలికేవాళ్ళు లేరు, ఈ ఆఫీసే లేకపోతే సోమవారానికీ ఆదివారానికీ తేడా ఉండదు, మరి చిట్టికో, చిట్టికి నలభై ఒకటి, పెళ్ళి వద్దనుకుంది, ఆ ఇంట్లో ఈమధ్యే ఊరినుంచి తెచ్చుకున్న, మంచాన పడ్డ తల్లి, పనిమానేసి ముంగిలా కూర్చున్న అన్న, జీతం తెచ్చేది అదొక్కతే, అయితేనేం, దానికి తల్లి ఉంది, అన్న ఉన్నాడు, తనకు ఎవరున్నారు, అది నోరు తెరిస్తే అప్పుడు తప్పకుండా ఒప్పుకుంటుంది తను, కాదని బొంకేంత నీచురాలు కాదు, అది చెప్పనీ, తను తలూపుతుంది, అంతే, ఇలా అనుకుంటుండగానే సందేహం తన కంప్యూటర్ ముందునుంచి కేకేశాడు, దొరికింది, ముప్పై ఎనిమిది, రండి రండి, బ్లేమ్ కొడుతున్నా, ఎవరి జాతకమో చూద్దాం, అందరూ కుర్చీలు తోసుకుంటూ చేరారు, తనూ లేచింది, లేవకపోతే కనిపెడతారని లేచింది, కొట్టాడు, చిట్టి పేరు వచ్చింది, ఏంటి చిట్టక్కా ఇది, నిద్రలో రాశావా, అని సందేహం నవ్వబోయి, గడియారం రావడం చూసి నవ్వు మింగేశాడు, చిట్టి ముందుకొచ్చింది, కళ్ళద్దాలు పైకి తోసుకుంది, పేరు చదివింది, తారీఖు చదివింది, తారీఖు దగ్గర ఆగింది, ఇప్పుడు, ఇప్పుడు చెబుతుంది, అనుకుంది ఆమె, చిట్టి తల తిప్పి నేరుగా తనకేసి చూసింది, కోపంగా చూసినా బాగుండేది, ఉప్పు అయిపోయిందన్న కబురు మోసుకొచ్చి గుమ్మంలో నిలబడి ఎవరి మొహం ఎలా ఉందో చూసుకునే చూపు అది, తర్వాత కళ్ళద్దాలు తీసి పైట చెంగుతో తుడిచింది, అవునండి, నా పేరే ఉందిగా, అంది, ఎందుకు రాశారమ్మా, టూల్ నోరు మూయించడమేంటి, చిన్నపిల్లలు కూడా చెయ్యరే, అన్నాడు గడియారం, ఏమోనండి, గుర్తులేదు, ఎవరైనా చెప్పారా, ఏ ఒత్తిడైనా ఉందా, చెప్పండి మరి, ఒక్కసారే అడుగుతా, లేదండి, ఎవరు చెబుతారు, అబ్బా చిట్టక్కా, కాస్త గుర్తు చేసుకో, నాలుగేళ్ళ కిందటిది, నువ్వు ఉత్తపుణ్యానికి అలాంటివి రాసే మనిషివి కాదే, అని సందేహం జాలిగా అన్నాడు, వాడి సందేహానికి మొదటిసారి ఒక అర్థం దొరికింది, ఎవరూ పట్టించుకోలేదు, అప్పుడూ సాక్ష్యం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పదు, అదే మనిషి, ఒక్క అక్షరం మారలేదు, అనుకుంది ఆమె, అనుకోగానే లోపల ఏదో చల్లగా సర్దుకుని కూర్చుంది, తను పెట్టిన షరతు ఇదే కదా, అది చెబితే తను ఒప్పుకుంటుంది, అది చెప్పలేదు, తను ఒప్పుకోవలసిన పని లేదు.

వదినగారూ, సరిచేయడానికి ఎంతసేపు, అని అడిగాడు గడియారం, అరగంట చాలండి, చేతులు ఎంత చక్కగా కదిలాయో, ముప్పై ఎనిమిదో లైను తీసేసింది, తీయగానే టూల్ నాలుగేళ్ళ మూగనోము విడిచి తెర నిండా ఎర్రగా గోల పెట్టింది, ఐదంటాడొకడు ఆరంటాడొకడు అని, అరుచుకో, ఇంకా అరుచుకో, అని ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది, తర్వాత అచ్చువేసే మూటకు కొత్త వెర్షన్ వెతికి తెచ్చింది, అది ఆరుతో సర్దుకుపోయే రకం, పొడుగాటి మైనస్ వస్తే మామూలు అడ్డగీతగా మార్చమని రెండు లైన్లు తన పేరునే రాసింది, ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటీ రాలిపోయాయి, చీటీ అచ్చువేసింది, కుడి కన్ను మైనస్ రెండున్నర, ఎంత సులువు, మనుషుల్లో ఎవరినీ కొత్త వెర్షన్ తెచ్చి కూర్చోబెట్టలేం, అనుకుంటుంటే పక్కన సొరుగు లాగిన చప్పుడు, చిట్టి సర్దుకుంటోంది, శాలువా, పెన్నుల డబ్బా, అంచు విరిగిన కప్పు, మెడనొప్పికి పెట్టుకునే చిన్న దిండు, పదమూడేళ్ళ ఉద్యోగం ఒక గుడ్డసంచీలో పట్టింది, ఇంకా చోటు మిగిలింది, చుట్టూ ఎవరూ తలెత్తడం లేదు, పోయేవాళ్ళ మొహం చూస్తే ఆ గాలి సోకుతుందన్నట్టు అందరూ తెరల్లో తలలు దూర్చారు, చిట్టి తన టిఫిను డబ్బా విప్పింది, రోజూలాగే రెండో గిన్నె తీసి ఆమె బల్ల మీద పెట్టింది, తినెయ్ వదినా, చల్లారితే బాగోదు, నువ్వో, నాకేం ఇంటికేగా పోతున్నా, అమ్మతో తింటా, తర్వాత ఆమె భుజం మీదుగా వంగి తెర చూసింది, ఎర్రక్షరాలు లేని తెర, ఆ లైను తీసేశావా, ఊఁ, మంచి పని చేశావ్, అప్పుడే తీసేద్దామన్నాం కదా, అంది, చాలా నెమ్మదిగా, ఇద్దరికే వినపడేలా, ఉప్పు గురించి చెప్పినట్టే అంది, అందులో దెప్పు ఉందేమోనని ఆమె ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, దొరకలేదు, దెప్పు ఉంటే బాగుండేది, దాన్ని పట్టుకుని కాస్త కోపం తెచ్చుకునేది, వెళ్ళొస్తా వదినా, అంది చిట్టి, మా ఇంటికి రాకపోయినా ఫోను చెయ్యి, నేను చేస్తే ఎత్తకుండా ఉండకు, ఆమె ఊఁ అంది, చిట్టి వేలు ఆమె భుజం మీద ఒక్క క్షణం ఆగింది, ఏదో దుమ్ము దులిపినట్టు దులిపి వెళ్ళిపోయింది.

లిఫ్టు ఆ బిల్డింగులో ఎప్పుడూ ఆలస్యమే, అద్దాల తలుపు అవతల చిట్టి సంచీ పట్టుకుని నిలబడి ఉంది, బొత్తం నొక్కింది, మళ్ళీ నొక్కింది, గడియారం ఫోను ముగించుకుని చేతులు రుద్దుకుంటూ వచ్చాడు, ముందుగానే మాట్లాడేశానండి, పేరు చెప్పేశా, యజమాని చల్లబడ్డాడు, అని ఆమె బల్ల అంచున కూర్చున్నాడు, ఎప్పుడూ కూర్చోని మనిషి, గిన్నెను కాస్త పక్కకు జరిపి మరీ కూర్చున్నాడు, నిజం చెప్పనా వదినగారూ, ఆ బ్లేమ్ కొట్టేటప్పుడు నాకు చెమటలు పట్టాయి, ఎక్కడ మీ పేరు వస్తుందోనని, వస్తే ఏం చేసేవారు, అని ఆమె అడిగింది, ఏం చేస్తానండీ, మిమ్మల్ని పంపేసి నేను తాళం వేసుకోవాలా, ఈ బండి లాగేది మీరే కదా, అప్పుడైతే, సార్ అది బయటివాళ్ళ లైబ్రరీలో లోపం, మా తప్పు కాదు అని నాలుగు మాటలు చెప్పి తప్పించేవాణ్ణి, రూలు అందరికీనా ఏంటి, అని నవ్వి, గడియారం చూసుకుని లేచి వెళ్ళిపోయాడు, అంటే ఏమీ అయ్యేది కాదు, అద్దె ఇల్లు ఉండేది, సోమవారం సోమవారంలాగే వచ్చేది, ఇంత పొద్దూ తను పట్టుకు వేళ్ళాడిన భయం తలా తోకా లేనిది, సరే, ఇప్పుడైనా మించిపోయిందేముంది, పదిహేను అడుగులు, తలుపు తోసి చిట్టీ ఆగవే అంటే చాలు, ఇద్దరం వెళ్ళి చెబుదాం, ఆయనకిప్పుడు ఇద్దరినీ ఉంచుకోక తప్పదు, నష్టం ఎవరికీ లేదు, లే, అనుకుంది, లేస్తున్నా, అనుకుంది, కాళ్ళు బాగానే ఉన్నాయి, వణకడం లేదు, కుర్చీ కూడా చక్రాల కుర్చీ, తోస్తే పోతుంది, లిఫ్టు ఇంకా రాలేదు, చిట్టి సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది, ఒకసారి వెనక్కి తిరిగి అద్దంలోంచి లోపలికి చూసింది, ఎవరైనా వస్తున్నారేమో అని కాబోలు, ఆమె తెర వైపు తిరిగి లేని తప్పు వెతుకుతున్నట్టు కళ్ళు చికిలించింది, లిఫ్టు వచ్చిన చప్పుడు, తలుపులు తెరుచుకున్న చప్పుడు, మూసుకోవడానికి ఎంత సమయం పడుతుందో ఆమెకు తెలుసు, ఏళ్ళ తరబడి వింటోంది, ఆ కాస్త సమయమూ ఆమె కదలకుండా కూర్చుని విన్నది, తలుపులు మూసుకున్నాయి, ఒళ్ళంతా తేలికపడింది, జ్వరం దిగినట్టు, ఇరుకు చెప్పులు విడిచినట్టు, రేపటినుంచి అన్నయ్య సన్నబడ్డాడని ఎవరూ చెప్పరు, ఆ రెండేళ్ళూ ఎలా గడిచాయో ఎరిగిన కళ్ళు పక్క బల్ల దగ్గర ఉండవు, పొద్దున తారీఖు చూసిన క్షణంలో చెయ్యి వెనక్కి వచ్చింది భయంతోనే అనుకుంది గాని, ఉద్యోగం పోతుందని ఆమె ఒక్క నిమిషం కూడా నమ్మలేదు, చిట్టిని పంపేయడానికి నాలుగేళ్ళుగా వెతుకుతున్న దారి ఇది, దొరికింది, వాడుకుంది, అంతే జరిగింది.